మంచి నూనె అంటే ఏ నూనె

కుట్టు మిషన్ బాగుచేయడానికి ఎవరింటికి వెళ్ళినా నేను ముందు స్క్రూడ్రైవర్ తీయను. వంగి వాసన చూస్తాను. కొబ్బరి నూనె వేశారా, పల్లి నూనె వేశారా, మోటారు సైకిల్‌లో మిగిలిన ఇంజన్ ఆయిల్ పోశారా, ఏమీ వేయకుండా ఏళ్ళ తరబడి ఎండగట్టారా అన్నది ముక్కుకే తెలిసిపోతుంది. ఇంటివాళ్ళు నన్ను వింతగా చూస్తారు. చూడనీ. నలభై ఏళ్ళకు పైగా కామాటిపుర గల్లీల్లో, నాగ్‌పాడా కార్ఖానాల్లో, పని పడితే ధారావి దాకా వెళ్ళి ఇదే చేశాను. నిరుడు మోకాళ్ళు మొరాయించి, చాల్ అనే ఒంటి గదుల మేడల మెట్లు ఎక్కనివ్వకపోతే మానేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు ఫోన్‌లో వీడియో చూసి మిషన్ విప్పేస్తున్నారు. విప్పడం తప్పని నేననను. నేను నేర్చుకున్నప్పుడు అలాంటి సౌకర్యం ఉంటే నేనూ విప్పేవాణ్ణే. కాకపోతే నా దగ్గరికి వచ్చి కూర్చునే పిల్లలు అడిగేవన్నీ హుక్ టైమింగ్ గురించి, మోటారు బోర్డు గురించి. నూనె గురించి ఒక్కరూ అడగరు. నూనెదేముంది, రెండు చుక్కలు వేస్తే అయిపోయింది కదా అనుకుంటారు. నా చేతికి వచ్చిన మిషన్లలో విరిగి వచ్చినవి తక్కువ. వేయకూడని నూనె వేసి చంపినవే ఎక్కువ.

ఏ షాపులో ఎన్నేళ్ళు చేశాను, ఎవరు నన్ను మేస్త్రీ అన్నారు, ఎవరు మెకానిక్ అన్నారు అన్నవి ఇక్కడ రాయను. వాటితో మీకు పని లేదు. పని నేర్పినవి మూడు నాలుగు సంగతులు ఉన్నాయి. అందులో ఒకటి నాకు తలవంపు తెచ్చేది. అయినా రాస్తాను.

ఉస్తాద్ కిటికీ

కూలికి వెళ్ళే బట్టల మిల్లు మూతపడ్డాక ఇరవై రెండేళ్ళ వయసులో నేను రాజయ్య ఉస్తాద్ దగ్గర చేరాను. ఆయన మా తెలుగాయనే. నాగ్‌పాడాకు వెళ్ళే దారిలో మెట్ల కింద ఇరుకు షాపు. మనిషి లోపలికి వెళ్ళాలంటే ఇంకో మనిషి బయటికి రావాలి. ఉస్తాద్‌కు కోపం ఎక్కువ, మాట తక్కువ. చేరిన మొదటి రోజు నా చేతికి పానా ఇస్తాడనుకున్నాను. ఆయన కిటికీ చూపించాడు.

కిటికీలో ఒక గాజు పలక పడుకోబెట్టి ఉంది. దాని మీద వరసగా ఆరేడు నూనె చుక్కలు. ఒక్కో చుక్క పక్కన సుద్దముక్కతో ఒక గుర్తు. కొబ్బరి, పల్లి, ఆవ, ఇంజన్ ఆయిల్, తలకు రాసుకునే సువాసన నూనె, చివర మిషన్ నూనె. రోజూ పొద్దున షాపు తెరవగానే ఒక్కో చుక్కనూ వేలితో తాకి ఎలా ఉందో చెప్పాలి. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను మిషన్ పని నేర్చుకోవడానికి వచ్చాను కానీ కిటికీ కాపలాకు కాదని అనేశాను.

"చుక్క జూడరానోడు మిషన్ ఏం జూస్తడు? ఎక్కువ మాట్లాడకు, వేలు వెట్టు," అన్నాడు ఉస్తాద్.

పెట్టాను. వారం దాటేసరికి ఆవనూనె చుక్క వేలికి అంటుకోవడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకు పల్లి నూనె జిగురైపోయింది, గోరుతో గీకితే పొరలా లేచింది. కొబ్బరి నూనె చలికాలం పొద్దుటి పూట తెల్లగా గడ్డకట్టింది. సువాసన నూనె మీద ఊళ్ళోని దుమ్మంతా వాలింది. ఇంజన్ ఆయిల్ ఎండలేదు కానీ చిక్కగా, నల్లగా, తాకిన వేలిని వదలకుండా ఉంది. మిషన్ నూనె మాత్రం వేసిన రోజు ఎలా ఉందో నెల తర్వాతా అలాగే ఉంది. వేలు పెడితే జారింది.

"పెట్టిన దినం ఎట్లుండెనో నెలకు గట్లనే ఉండాలె. గదే మిషన్ నూనె. కడమయన్ని తీస్కపోయి వంటింట్ల వెట్టుకో," అన్నాడు ఉస్తాద్. ఆయన నాకు చెప్పిన పాఠాల్లో అంత పొడుగు పాఠం ఇంకొకటి లేదు.

ఇప్పుడు కొత్తవాళ్ళకు నేను చెప్పేది కూడా అదే. నా మాట నమ్మకండి, సీసా మీద రాసింది అసలే నమ్మకండి. ఒక గాజు ముక్క తీసుకుని కిటికీలో పెట్టుకోండి. నెల రోజులు ఆగే ఓపిక లేకపోతే ఈ పని మీకు నప్పదు, ఫోన్లు బాగుచేసే పని చూసుకోండి.

తెల్లగా, పల్చగా, వాసన లేకుండా

మిషన్ నూనె నీళ్ళలా కనిపించాలి. పసుపు ఛాయ ఉంటే అనుమానించండి. సీసా వంచితే గబగబా కదలాలి. రెండు వేళ్ళ మధ్య రుద్దితే జారాలే తప్ప సాగకూడదు. వాసన దాదాపు ఉండకూడదు. ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేసి, ఆరనిచ్చి, సబ్బుతో ఉతికితే మచ్చ పోవాలి. ఈ ఐదూ సరిపోతే అది ఏ కంపెనీదైనా నాకు అభ్యంతరం లేదు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఫలానా నూనె అని రాసి ఉంటే మాత్రం పుస్తకం మాటే వినండి. పుస్తకం రాసినవాడు మిషన్ తయారుచేసినవాడు, మనం కాదు.

కొబ్బరి నూనె గురించి ఒక్క మాట. మా చాళ్ళల్లో ప్రతి ఇంట్లోనూ అద్దం పక్కన ఆ సీసా ఉంటుంది. తలకు రాసుకున్న చేత్తోనే మిషన్‌కూ రెండు చుక్కలు వేస్తారు. ఆ రోజు మిషన్ పూలరథంలా నడుస్తుంది. అందుకే నమ్ముతారు. ఏ నూనె వేసినా మొదటి రోజు మిషన్ బాగానే నడుస్తుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. నూనె గుణం మొదటి రోజు తెలియదు.

తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు వచ్చాక ఇంకో పీడ మొదలైంది. బిగుసుకుపోయిన స్క్రూ వదులుకావడానికి అది భేషైన సరుకు, నేనూ వాడతాను. కానీ అది నూనె కాదు. పాత నూనెను కూడా కడిగేసి తానూ ఆవిరైపోతుంది. దాన్ని కొట్టి మిషన్ తేలిగ్గా తిరుగుతోంది కదా అని వదిలేసి వెళ్ళిన మెకానిక్ తర్వాత నేను వెళ్ళాల్సి వచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కిరోసిన్ సంగతి కూడా అంతే. కడగడానికి దానికి మించింది లేదు. కడిగాక తుడిచి నూనె వేయకపోతే ఇనుము ఇనుమును తింటుంది.

అన్ని చోట్లా పల్చటి నూనే అనుకోవడం కూడా తప్పే. ధారావిలో తోలు సంచులు కుట్టే పెద్ద మిషన్ ఒకటి గేర్ల దగ్గర గోల పెడుతుంటే, నేను నా తెలివి అంతా ఉపయోగించి మిషన్ నూనె పోసి వచ్చాను. రెండు రోజులకు ఇంకా పెద్ద గోల. పళ్ళ చక్రాలకు గ్రీజు కావాలి, అంటుకుని ఉండేది కావాలి. నేను పోసిన నూనె ఎప్పుడో కింద ట్రేలోకి కారిపోయింది. ఆ కార్ఖానా యజమాని ట్రే తీసి చూపించాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

సేఠ్ డ్రమ్ము

ఉస్తాద్ పోయాక నేను ఒక మిషన్ల షాపులో చేరాను. అక్కడి సేఠ్ పేరు చెప్పను. మనిషి చెడ్డవాడు కాదు, పండగకు అందరికీ బట్టలు పెట్టేవాడు. కానీ నూనె దగ్గర మాత్రం ఆయనకు చేయి వంకర. వెనక గదిలో డ్రమ్ము ఉండేది. అందులోది ఎక్కడి నుంచి వచ్చేదో ఆయన చెప్పడు. దాన్ని చిన్న సీసాల్లో నింపి మిషన్ నూనె అని అమ్మేవాళ్ళం. పసుపు ఛాయ ఉండేది. నేను రెండుసార్లు అన్నాను. "గిరాకీలు రంగు జూస్తరా? నీ పని నువ్వు జెయ్యి," అన్నాడు. నేను నా పని నేను చేసుకున్నాను.

ఒక రోజు నాగ్‌పాడా నుంచి పెళ్ళి షేర్వానీలు కుట్టే మాస్టర్ వచ్చి, కౌంటర్ మీద ఒక తెల్ల షేర్వానీ పరిచాడు. ఛాతీ మీద, సరిగ్గా గుండీల పక్కన, నాణెమంత పసుపు మచ్చ. పెళ్ళి మర్నాడు. మచ్చ ఉతికినా పోలేదు. ఆయన మా సీసా తీసి షేర్వానీ పక్కన పెట్టి, సేఠ్‌ను కాదు, నన్ను అడిగాడు: "దీన్ని నా మిషన్‌లో పోసింది నువ్వేగా? ఇది మంచిది కాదని నీకు తెలుసా, తెలియదా?"

తెలుసని చెప్పాను. ఆయన షేర్వానీ మడత పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ముక్క విప్పేసి రాత్రికి రాత్రి కొత్త ముక్క వేశారని తర్వాత విన్నాను. నెల తిరక్కముందే నేను ఆ షాపు మానేసి సొంతంగా సంచీ భుజాన వేసుకున్నాను. కొత్తవాళ్ళకు నా సలహా ఒకటే. సీలు ఉన్న సీసా కొనండి, కొన్నాక కూడా గాజు మీద చూడండి, అనుమానం ఉన్న నూనె మీ చేత్తో పోయకండి. యజమాని చెప్పాడన్నది గిరాకీ ముందు నిలబడే మాట కాదు.

రెండు చుక్కలు, అంతే

నూనె వేసే ముందు దుమ్ము తీయండి. బాబిన్ కింద చేరిన నూలు పీచు తీయకుండా నూనె వేస్తే అది ముద్దయి బట్టను జరిపే పళ్ళకు పట్టుకుంటుంది. చిన్న బ్రష్ చాలు. నోటితో ఊదకండి, ఉమ్మి తడికి తుప్పు పడుతుంది.

తర్వాత ఒక్కో రంధ్రంలో ఒక చుక్క, రెండు చుక్కలు. సూది కడ్డీకి, దారం లాగే కొక్కేనికి, హుక్ తిరిగే దోవకు, కింద కాళ్ళతో తొక్కే పలక ఇరుసులకు. ఈ చివరిదాన్ని అందరూ మరిచిపోతారు. మిషన్ బరువుగా ఉందని పైన అంతా విప్పేస్తారు. కింద పలక ఇరుసు ఎండిపోయి ఉంటుంది. దారం బిగువు చూసే బిళ్ళల మధ్య నూనె పడకూడదు. తోలు బెల్టుకు పడకూడదు. ఇంటి మిషన్‌కు బిగించే చిన్న మోటారు లోపల పోయకూడదు. వేశాక దారం లేకుండా కాసేపు తిప్పి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి, అప్పుడు గిరాకీ బట్ట పెట్టాలి. కొత్త కార్ఖానా మిషన్లకు కింద నూనె తొట్టి ఉంటుంది, తనంతట తానే పంచుకుంటుంది. అక్కడ గీత దాకా నింపాలి, రంగు మారితే మార్చాలి. చాలామంది పైపైన నింపుతూ పోతారే తప్ప అడుగున నల్లబడ్డది తీయరు. అది బద్ధకం, ఇంకేమీ కాదు.

ఇంతవరకూ రాసినదంతా నాకు బాగా తెలిసిన సంగతి. ఇందులో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. అలాంటి నేనే ఒక మనిషికి నూనె గురించి ఒక్క మాట తప్పుగా చెప్పాను.

అంజమ్మ మిషన్

అంజమ్మ పాలమూరు వైపు నుంచి భర్త బాలయ్యతో కలిసి కూలికి వచ్చింది. పద్నాలుగో గల్లీలో ఒక చాల్ మూడో అంతస్తులో ఒంటి గది. ఇద్దరూ పొద్దున్నే నాకా మీద నిలబడేవారు. కట్టడం పనికి కూలీలను ఏరుకునే కూడలిని మేం నాకా అంటాం. ఇటుకలు, ఇసుక తల మీద మోసేది. ఒకసారి తట్టతో మెట్లు దిగుతూ జారి మెడ పట్టేసింది. నొప్పి ఎడమ చేతిలోకి దిగింది. మెడ దగ్గర నరం నలిగిందని, మళ్ళీ తల మీద బరువు పెడితే చేయి పనికిరాకుండా పోతుందని మునిసిపల్ ఆసుపత్రి డాక్టర్ చెప్పాడు.

ఆమె ఊళ్ళో ఉన్నప్పుడే కుట్టు నేర్చుకుంది. నా ద్వారానే ఒక పాత కాలి మిషన్ దొరికింది. పాతదే కానీ ఉక్కు ముక్క. కత్తిరించిన లంగాలు కట్టలుగా తెచ్చి ఇళ్ళకు పంచే మేడమ్ ఒకామె అంజమ్మకూ కట్టలు ఇస్తానంది. మిషన్ బిగించి, నడిపి చూపించి, సంచీ భుజాన వేసుకుంటూ నేను చెప్పాను:

"రోజు మంచి నూనె ఎయ్యి అంజమ్మ. రెండే చుక్కలు. సస్తా సరుకు ఎయ్యకు, మిషన్ ఖరాబైతది."

"మంచినూనెనే ఏస్తనన్నా," అంది.

నా సంచీలో నూనె సీసా ఉంది. తీసి చూపించి ఉండవచ్చు. అవతల ఒక కార్ఖానావాడు నాలుగోసారి ఫోన్ చేస్తున్నాడు, నేను దిగి వెళ్ళిపోయాను.

నేను పుట్టింది కామాటిపురలోనే. మా ఇంట్లో కూరలో వేసేదాన్ని అందరిలాగే తేల్ అనే అంటాం. మిషన్‌లో వేసేది నూనె. మంచి నూనె అంటే నా నోట్లో దాని అర్థం నాసిది కాని నూనె. అంజమ్మ ఊళ్ళో ఆ రెండు మాటలూ కలిసి ఒకే మాట. మంచినూనె అంటే తినే నూనె. ఈ తేడా నాకు తెలియనిది కాదు. మా నాయనమ్మ కూడా అలాగే అనేది. ఆ క్షణాన తట్టలేదు.

రెండు నెలలు దాటాక పక్క గది శకుంతల ఫోన్ చేసింది. వెళ్ళేసరికి మిషన్ చక్రం బిగుసుకుపోయి ఉంది. సగం కుట్టిన లంగా సూది కింద ఇరుక్కుని ఉంది. కట్టలు తెచ్చే మేడమ్ మంచం అంచు మీద కూర్చుని వాచీ చూసుకుంటోంది. గుమ్మంలో, బయట గదుల ముందు వరండాలా సాగే గ్యాలరీలో నలుగురైదుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ముగ్గురికి సొంత మిషన్లు ఉన్నాయి, మూడూ నేను చూసేవే. మిషన్ కాలు వెంబడి ఎర్రచీమలు బారుగా పైకి ఎక్కుతున్నాయి. వంగాను. నెల కిందటి సకినాల డబ్బా మూత తీసినట్టు వాసన.

"ఏందిది? మిషన్‌ల తేల్ వోసినవా? దిమాక్ ఉన్నదా నీకు?" అన్నాను. "నలభై ఏండ్లు నడిచే మిషన్ రెండు నెలల్ల సంపినవ్. ఇట్లాంటోళ్ళ చేతికి మిషన్ ఇయ్యద్దు అసల్."

అంజమ్మ దేవుడి అర దగ్గరికి వెళ్ళి ఒక చిన్న సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే చెప్తివి గదన్నా, మంచినూనె ఎయ్యమని. మేం తినేది పామాయిలే. మిషన్‌కని శుద్ధమైన పల్లినూనె తెప్పిస్తి. ఇంట్ల ఎవరూ ముట్టకుండ ఆడ వెడ్తి."

గ్యాలరీలో ఎవరో నవ్వారు. నాకు అప్పుడే తెలిసిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో, అంతా ఒక్కసారిగా తెలిసింది. ఇన్నేళ్ళ మెకానిక్‌ను, ఇంతమంది గిరాకీల ముందు, మాట తప్పు చెప్పానని ఒప్పుకోవాలా అనిపించింది.

"మీ ఊర్ల ఏమంటరో నాకేం ఎరుక? సమజ్ గాకుంటే అడగాలె," అన్నాను. మిషన్ తల విప్పి భుజాన పెట్టుకున్నాను. మేడమ్ లేచి మిగిలిన కట్టలు సంచీలో సర్దుకుంది, పక్క చాల్‌లో వేరే ఆమెకు ఇస్తానంది.

మెట్ల దాకా అంజమ్మ నా వెంట వచ్చింది. "అన్నా, జెర జల్ది చేసియ్యి. ఇది లేకుంటే మల్ల నాకా మీదికే పోవాలె నేను."

ఎనిమిది రోజులు పడుతుందని చెప్పాను. ఆ పని ఒక పూటది. కిరోసిన్ చుక్కలు వేసి నానబెట్టి, చక్రాన్ని కొంచెం కొంచెంగా కదిలిస్తూ, పాత పళ్ళ బ్రష్‌తో జిగురు గీకి, తుడిచి, మిషన్ నూనె వేస్తే అయిపోతుంది. నేను దాన్ని బల్ల కింద పెట్టి వేరే పనులు చేసుకున్నాను. చూసినప్పుడల్లా మొహం తిప్పుకున్నాను. ఆమె మీద కోపమని నాకు నేను చెప్పుకున్నాను. అది కోపం కాదు, సిగ్గు. సిగ్గుపడ్డ మెకానిక్ పని వాయిదా వేస్తాడు. కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గర నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే ముందు ఇది నేర్చుకోండి.

ఎనిమిదో రోజు పొద్దున కూర్చుని కడిగాను. మధ్యాహ్నానికి చక్రం ఒక వేలితో తిరిగింది. సాయంత్రం తీసుకెళ్ళి బిగించాను. అంజమ్మ గదిలో లేదు. తాళం తీసింది శకుంతలే.

"నాకా మీద నిలవడ్తున్నది. ఏడు దినాలాయె," అంది శకుంతల.

"మీ ఇండ్లల్ల మూడు మిషన్లు ఉన్నయ్ గద. ఒక గంట రెండు గంటలు కుట్టుకోనిస్తే ఏమాయె?"

శకుంతల నన్ను వింతగా చూసింది. "అడిగింది పాపం. మేమే ఇయ్యలె. ఆమెకు మిషన్ ఇయ్యద్దని నువ్వే అంటివి కదా అన్నా."

గ్యాలరీలో నిలబడిపోయాను. అంజమ్మ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. జుట్టు నిండా సిమెంటు. తల మీద తట్ట కింద పెట్టుకునే గుడ్డ చుట్ట భుజం మీద ఉంది. ఆడవాళ్ళు ముగ్గురూ గుమ్మాల్లోనే ఉన్నారు. నేను గొంతు పెంచే చెప్పాను, వాళ్ళకు వినపడాలని.

"అంజమ్మా, తప్పు నాది. మంచి నూనె అన్నది నేను. మిషన్ నూనె అని చెప్పకపోయింది నేనే. నువ్వు నేను చెప్పినట్టే చేసినవ్. నీ తప్పేం లేదు."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. సూది కింద ఒక గుడ్డ ముక్క పెట్టింది.

"ఆ దినమే ఈ మాటంటే అయిపోవు గదన్నా," అంది. గొంతులో కోపం లేదు. "మెకానిక్కే అన్నడంటే నాకు ఈ పని రాదేమో అనుకున్న. ఎవరిని గట్టిగ అడగబుద్ధి కాలె."

పలక తొక్కింది. మిషన్ చప్పుడు లేకుండా కదిలింది. రెండు అంగుళాలు కుట్టి ఆగింది. ఎడమ అరచేతిని గుడ్డ మీద అటూ ఇటూ జరిపి చూసింది, మళ్ళీ జరిపింది.

"ఈ రెండు వేళ్ళకు గుడ్డ తెలుస్తలేదు," అంది.

మర్నాడు నేనే వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఉంగరం వేలికి కొన్ని నెలలకు స్పర్శ వచ్చింది. చిటికెన వేలికి రాలేదు. అంజమ్మ ఇప్పటికీ ఆ మిషన్ మీదే కుడుతుంది, ఆ గల్లీలో ఆమె చేతి కుట్టుకు పేరుంది. కుట్టేటప్పుడు ఎడమ చేతి చిటికెన వేలు గుడ్డకు దూరంగా పైకి ఎత్తి పట్టుకుంటుంది, సూది కిందికి పోయినా తనకు తెలియదని.